ఎనిమిది మందికి ఒకే వేలు

మీ ముగ్గురినీ అడగాలి. బస్సు డిపో మేనేజరు గారూ, ఇన్సులిన్ వేసుకునే డ్రైవరు స్టీరింగ్ దిగాల్సిందేనని నోటీసు అంటించింది మీరు. సన్నబడే పాఠాల మాస్టారూ, ఇన్సులిన్ వేసుకున్నంతకాలం కొవ్వు కరగదని అరవై మంది డ్రైవర్ల ముందు బల్ల గుద్ది చెప్పింది మీరు. రీడింగుల గుమాస్తా గారూ, ప్రతి సోమవారం డ్రైవర్ల షుగరు అంకెల్ని రిజిస్టరులో ఎక్కించింది మీరు. ముప్ఫై నాలుగు రోజులుగా మందు లేకుండా ఒక మనిషి మీ కళ్ళముందే కరిగిపోతుంటే మీరు చేసిందేమిటి? చప్పట్లు కొట్టారు.

ఆ మనిషిని డిపోలో అందరూ డ్రమ్ము అంటారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క ప్రమాదం లేని డ్రైవరు. పదేళ్ళుగా షుగరుంది. ఆరు నెలల కిందట నూట పన్నెండు కిలోలుండేవాడు. క్లినిక్కు డాక్టరు చెప్పగా అన్నం, రొట్టె, దుంపలు, తీపి తగ్గించి గుడ్లు, చేపలు, ఆకుకూరల మీద పడ్డాడు. లో కార్బ్ తిండి. మొదటి నాలుగు నెలలు అది నిజంగానే పనిచేసింది. బరువు దిగింది, షుగరు దిగింది, డాక్టరు ఇన్సులిన్ డోసు సగానికి తగ్గించాడు. తిండిలో తప్పు లేదు. ఈ మాట ముందే చెప్పి పెట్టడం మంచిది, లేకపోతే రేపు ఈ పెద్దమనుషులు నేరాన్ని తీసుకెళ్ళి కోడిగుడ్డు నెత్తిన పెడతారు.

తప్పు నోటీసుతో మొదలైంది. నోటీసు వచ్చిన వారం నుంచి అతను గబగబా చిక్కిపోసాగాడు. జేబునిండా పుదీనా బిళ్ళలు. చేతిలో ఎప్పుడూ నీళ్ళ సీసా. "ఈ వయసులో మగాడు సన్నబడుతున్నాడంటే ఎవరో చూస్తున్నారన్నమాటే" అని పక్కింటావిడ నిప్పు రాజేసి తన మానాన తాను వెళ్ళిపోయింది. డ్రమ్ము భార్య టైలరు, వీధి వైపు గదిలో కుట్టుమిషను ఆమెది. ఆమె రెండు వారాలు ఇంకో ఆడమనిషి కోసం వెతికింది. చొక్కాలు వాసన చూసింది. ఫోను తిప్పింది. దొరికింది ఆడమనిషి కాదు. ఫ్రిజ్జులో కూరగాయల సొరుగు అడుగున ఇన్సులిన్ పెన్నుల డబ్బా. అయిదు పెన్నులు. అయిదింటికీ సీలు ఊడలేదు. మందుల షాపు చీటీ మీద తేదీ ముప్ఫై నాలుగు రోజుల కిందటిది. ఆ డబ్బా చేతిలో పట్టుకుని ఆమె నిలబడిపోయిన చోటనే కిందటి వారం మనం ఆమెను వదిలి వచ్చాం.

ఇంకా అక్కడే ఉంది. ఫ్రిజ్జు తలుపు తెరిచే ఉంది, చలి కాళ్ళకు కొడుతోంది.

ఆమె తలుపు మూసింది. మూయగానే ఆ తలుపు మీద అంటించిన నాలుగు చీటీలు కళ్ళెదురుగా వచ్చాయి. డిపోలో ప్రతి సోమవారం బరువు తూచి, షుగరు చూసి ఇచ్చే చీటీలు. డ్రమ్ము వాటిని పరీక్ష ప్యాసయిన పిల్లాడిలా తెచ్చి తనే అంటించేవాడు. షుగరు నూట ఎనిమిది. నూట పన్నెండు. నూట ఆరు. నూట పది.

తలుపు లోపల సీలు తియ్యని మందు. తలుపు బయట మంచి అంకెలు. రెండింట్లో ఒకటి అబద్ధమాడుతోంది. సీలు అబద్ధమాడదు.

పదేళ్ళు మొగుడి షుగరు చూసిన మనిషి ఆమె. పెళ్ళిభోజనం తిన్న రోజు ఒకలా, జ్వరం వచ్చిన రోజు ఒకలా, ఆ అంకె గోడ గడియారం లోలకంలా ఊగుతుందని ఆమెకు తెలుసు. అలాంటిది నాలుగు వారాలు ఆరు పాయింట్ల తేడాలో బుద్ధిగా కూర్చుందా? మందు మానేశాక కూర్చుందా?

ఆమె వెళ్ళి కొలతల పుస్తకం తీసింది. డిపో డ్రైవర్ల యూనిఫారాలు సరిచేసేది ఆమే. సన్నబడే పోటీ పెట్టాక ఎనిమిది మంది ప్యాంట్లు ఆమె చేతి మీదుగా లోపలికి వెళ్ళాయి. మొదట్లో మొగుడి పేజీ చూసి మురిసిపోయింది. ఇప్పుడు దొంగను చూసినట్టు చూసింది. పక్క పేజీలో ఉన్న లావుపాటి రాత్రి సర్వీసు డ్రైవరుకు నడుము మూడంగుళాలు తగ్గింది, దండచేతి చుట్టుకొలత తగ్గలేదు. మొగుడికి నడుము రెండంగుళాలే తగ్గింది. దండ రెండంగుళాలు తగ్గింది. తొడ మూడు. మెడ ఒకటిన్నర.

కొవ్వు పోయినవాడికి పొట్ట ముందు పోతుంది. ఇతనికి కండ పోయింది. స్టీరింగ్ తిప్పే చెయ్యి పోయింది. ఇరవై ఏళ్ళుగా మనుషుల్ని టేపుతో చదివే ఆడది తన మొగుణ్ణే చదవలేకపోయింది.

ఫోను తీసి మొగుడికి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. డ్యూటీలో ఉన్న డ్రైవరూ కండక్టరూ ఫోన్లు డిపో లాకరులో పెట్టి వెళ్ళాలి, అది రూలు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా ఇంకోసారి చేసింది.

"అక్కా, కాసిని మంచినీళ్ళు పొయ్యి. నాలుక పిడచకట్టుకుపోతోంది."

దబ్బుమని ప్యాంట్ల మూట బల్ల మీద పడింది. వచ్చింది ఆమె తమ్ముడు. అదే డిపోలో కండక్టరు, మధ్యాహ్నం షిఫ్టు. మనిషి పలచగా, పొడుగ్గా ఉంటాడు కాబట్టి అక్కడ పేరు పుల్ల.

"మూడు ప్యాంట్లు. మూడూ నడుము లోపలికి. మా డిపో మొత్తం చిక్కిపోతోందక్కా. ఇంకో నాలుగు నెలలు పోతే డ్రైవర్లను హ్యాంగరుకు తగిలించి అల్మారాలో పెట్టుకోవచ్చు."

ఆమె నవ్వలేదు. నీళ్ళ గ్లాసు ఇచ్చింది. తమ్ముడు ఎడమచేత్తో అందుకున్నాడు. వేళ్ళతో పట్టుకోలేదు, వేళ్ళు పైకి లేపి అరచేత్తో పట్టుకున్నాడు. సూది దిగిన రోజున ఆమె కూడా గ్లాసు అలాగే పట్టుకుంటుంది.

"ఈ మూట ఎప్పుడిచ్చారు?"

"పొద్దున. డిపోలో."

"నీది మధ్యాహ్నం షిఫ్టు. సోమవారం పొద్దున అయిదింటికి డిపోలో నీకేం పని?"

"ఊరికే... అందరూ బరువులు తూచుకుంటారుగా. తమాషా చూడ్డానికి."

"పది దాటితే గానీ పక్క దిగనివాడివి, తమాషా కోసం అయిదింటికి లేచావా? చెయ్యి చూపించు."

"జాతకం చెప్తావా? ఇంకో పెళ్ళి ఉందేమో చూడక్కా, మీ మరదలికి చెప్పకుండా."

"చూపించరా."

మణికట్టు పట్టి లాగి మిషను దీపం కిందకు తెచ్చింది. సూదిపోట్లు చదవడం ఆమెకు అక్షరాలు చదవడం కంటే బాగా వచ్చు. కుట్టుసూది వేలి కొన మధ్యలో గుచ్చుతుంది. పొరపాటున గుచ్చుతుంది, ఒక్కటే గుచ్చుతుంది. ఇవి వేళ్ళ అంచుల మీద ఉన్నాయి. ఒకే లోతు. వరసగా. పాతవి నల్లగా, వాటి పక్కన కొత్తవి ఎర్రగా. పొరపాటు ఎప్పుడూ వరసలో నిలబడదు.

ఆమె ఎర్రవి లెక్కపెట్టింది. "ఎనిమిది."

"పార్సిలు గదిలో రేకు గీసుకుందక్కా."

"రేకు ఎనిమిదిసార్లు ఎంచి ఎంచి గీసుకుందా? వేలికి రెండు చొప్పున పంచిందా?"

పుల్ల చెయ్యి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. రెండో చేత్తో పెన్నుల డబ్బా తీసి అతని ముందు పెట్టింది. తమ్ముడి ముఖంలో రంగు దిగిపోయింది.

"బావ చెప్పేశాడా?"

"లేదు. ఇప్పుడే నువ్వు చెప్పావు."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"అక్కా, నా మాట విను. నేను చెడు చెయ్యలేదు."

"మంచే చేశావులే. ఏం చేశావో చెప్పు."

చెప్పాడు. నేల చూస్తూ, ముక్కలు ముక్కలుగా. సోమవారం తెల్లవారుజామున మొదటి ట్రిప్పులు కదలకముందు డ్రైవర్లంతా పార్సిలు గదిలో చేరతారు. పార్సిళ్ళు తూచే పెద్ద కాటా మీద ఒక్కొక్కరూ ఎక్కి బరువు చెప్పించుకుంటారు. ఆ పక్కన పరదా. పరదా లోపలికి వెళ్ళి వేలు గుచ్చుకుని, రక్తం పరీక్ష పట్టీకి అంటించి, మీటరును పరదా సందులోంచి బయటికి చాపితే గుమాస్తా అంకె చూసి రాసుకుంటాడు. గుమాస్తాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. అందుకే పరదా. ఆ పరదా లోపల, సంచుల మీద, ఎడమచెయ్యి చాపుకుని పుల్ల కూర్చుని ఉంటాడు.

"మొదట ఒక్కడి కోసమే అక్కా. రాత్రి సర్వీసు ఆయన పాపం ముందురోజు పుట్టినరోజు కేకు తిన్నాడు. ఒక్క వారమే, నీ వేలియ్యరా అన్నాడు. ఇచ్చాను. పై వారానికి ముగ్గురయ్యారు. ఈ నెల ఎనిమిది. డిపోలో అందరికంటే ఆరోగ్యంగా ఉన్న డ్రైవర్ని నేనే. లైసెన్సే లేదు."

చెప్పి తనే నవ్వబోయి ఆగిపోయాడు.

"మీ బావ నిన్ను అడిగాడా?"

"అడగలేదు. అడిగే మనిషా ఆయన? నోటీసు వచ్చిన రోజు సాయంత్రం బస్సులు కడిగే షెడ్డు దగ్గర నిలబడి చూస్తున్నాడు. పోయినేడు చూపు తగ్గిందని స్టీరింగ్ దించేసిన పెద్దాయన లేడూ, ఆయన పైపు పట్టుకుని బావ బండే కడుగుతున్నాడు. కడగడం అయ్యాక డ్రైవరు సీట్లో ఎక్కి కూర్చుని, ఇంజను ఆపే ఉందిగా, అలాగే స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. బావ అది చూశాడు. నా వైపు తిరిగి, 'ఒరే, నేను పైపు పట్టలేనురా' అన్నాడు. అంతే. నేనేం చెయ్యాలక్కా?"

"నాకు చెప్పాలి."

"చెప్తే నువ్వేం చేసేదానివి?"

ఆ ప్రశ్నే ఆమెకు ఇంకా కోపం తెప్పించింది.

"మందు మానెయ్యమని ఎవరు చెప్పారు? నువ్వేనా?"

"ఆ మాస్టారు. పిండి పదార్థం మానేసినవాడికి ఇన్సులిన్ దేనికి, అది కొవ్వుకు వేసిన తాళం అన్నాడు. వరసగా మూడు వారాలు అదే పాఠం. నోరు వాసన వస్తే సంతోషించండి, కొవ్వు కరుగుతోందని గుర్తు అన్నాడు. సూది వేసుకుంటే స్టీరింగ్ పోతుందని మేనేజరు, సూది మానేస్తేనే సన్నబడతావని మాస్టారు. రెండు వైపులా తోసి మధ్యలో బావను నలిపారు."

వాసన. పుదీనా బిళ్ళల కింద పండిపోయి కుళ్ళడానికి సిద్ధమైన పండు వాసన. ఆ వాసన చూసే ఆమె ఇంకో ఆడదాని సెంటు అనుకుంది. పదేళ్ళ కిందట క్లినిక్కులో నర్సు ఒక్కొక్క మాటా వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. ఇన్సులిన్ అవసరమున్న మనిషి తిండి మార్చినా సరే, డాక్టరు తగ్గిస్తేనే తగ్గించాలి, సొంతంగా ఆపకూడదు. ఆపాక దాహం, ఆయాసం, వాంతి, ఆ పండు వాసన వస్తే ఇంట్లో ఒక్క గంట కూడా ఉంచకూడదు. తిండి మంచిదై వచ్చిన వాసనా, మందు లేక వచ్చిన వాసనా ముక్కుకు ఒకటే. తేడా చెప్పాల్సింది రక్తం. ఆ రక్తమే దొంగదైపోయింది.

"ఆ పరదా ఏ రంగు?" అంది హఠాత్తుగా.

పుల్ల తలెత్తలేదు. "ఆకుపచ్చ."

రెండు నెలల కిందట డిపో నుంచి గుడ్డ వచ్చింది. నిలువు ఆరడుగులు, అంచు మడిచి, మధ్యలో చెయ్యి పట్టేంత సందు వదలమన్నారు. ఆమే కుట్టింది. దేనికో అడగలేదు.

"సందు వదలమన్నది ఎవరు?"

"మేనేజరు గారే కొలతలిచ్చారు."

"మీ ఆఫీసులో గుమాస్తాలు ఎంతమంది?"

"పద్నాలుగు మంది."

"పద్నాలుగు మందిలో రక్తం చూడలేనివాణ్ణి ఏరి రక్తం చూసే బల్ల దగ్గర కూర్చోబెట్టింది ఎవరు?"

రెండు నెలలుగా ప్రతి సోమవారం ఆ పరదా వెనక కూర్చున్నవాడు ఈ ప్రశ్న ఒక్కసారి కూడా వేసుకోలేదు. మేమంతా కలిసి పైవాళ్ళను మోసం చేస్తున్నామనుకున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోందని నవ్వుకుంటూ, ఆ గిన్నె అక్కడ ఎవరు పెట్టారో చూడలేదు.

"పై ఆఫీసువాళ్ళకి ప్రతి నెలా మా డిపో రీడింగులు పంపిస్తారక్కా," అన్నాడు నెమ్మదిగా. "అన్ని డిపోల్లోనూ మాదే ఫస్టు. మేనేజరు గారికి పెద్ద సీటు వస్తుందంటున్నారు."

"వస్తుంది. ఎందుకు రాదు? పొగ పెట్టిందీ ఆయనే, పారిపోవడానికి కన్నం తవ్వి ఇచ్చిందీ ఆయనే. రేపు ఏదైనా అయితే కన్నంలో దొరికేది మీరు. రిజిస్టరులో నూట పది ఉంటుంది. డ్రైవరు మోసం చేశాడంటారు. కండక్టరు రక్తం ఇచ్చాడంటారు. పరదా కుట్టింది వాడి పెళ్ళామే అంటారు."

ఆమె చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"ఎక్కడికి?"

"పొద్దున మీ బావ ఎలా ఉన్నాడు? ఉన్నదున్నట్టు చెప్పు."

"కాటా ఎక్కేటప్పుడు తూలాడు. ఎనభై ఎనిమిది వచ్చింది. వారంలో నాలుగు కిలోలు. అందరూ చప్పట్లు కొట్టారు. దిగి పార్సిలు సంచుల వెనక్కి వెళ్ళి కక్కుకున్నాడు. తర్వాత లీటరు సీసా నీళ్ళు గుక్క తిప్పుకోకుండా తాగాడు. ఊపిరి... పరిగెత్తి వచ్చినవాడిలా తీస్తున్నాడు. నాకు భయమేసిందక్కా. పరదా లోపల ఆయన వేలే గుచ్చాను. ఈ నెలలో మొదటిసారి."

"ఎంత వచ్చింది?"

"అంకె రాలేదు. 'హై' అని ఒక్క మాట వచ్చింది. మీటరు పాడయిందనుకున్నాం. వెంటనే నా వేలుతో చూస్తే నూట పది వచ్చింది. మీటరు బాగుపడిందిలే అని అదే బయటికి చాపాను."

మీటరు చెడిపోలేదు. నెల రోజుల్లో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మీటరు నిజం చెప్పింది. షుగరు తాను కొలవగలిగిన అంకెలన్నీ దాటిపోయిందని చెప్పింది. వీళ్ళు దాని నోరు మూసి పుల్లగాడి ఆరోగ్యం రాయించుకుని బస్సెక్కించారు.

"ఇప్పుడు ఏ ట్రిప్పులో ఉన్నాడు?"

"పదిన్నరది. పదిహేడో నంబరు. వంతెన మీంచి ఆస్పత్రి రోడ్డుకు."

"బండిలో ఎంతమంది ఉంటారు?"

ఆ ప్రశ్న కండక్టరుకు వేసింది. కండక్టరు జవాబు చెప్పక తప్పలేదు. "సోమవారం... నిలబడ్డవాళ్ళతో కలిపి డెబ్బై."

ఆమె అప్పటికే వీధిలో ఉంది. పుల్ల వెనకనుంచి పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, నువ్వు అక్కడ నోరిప్పితే ఎనిమిది మంది రోడ్డున పడతారు. ఎనిమిది ఇళ్ళు. నా ఉద్యోగం కూడా పోతుంది. బావ నన్ను చంపేస్తాడు. సాయంత్రం దాకా ఆగు. ఇంటికొచ్చాక మెల్లగా ఆస్పత్రికి తీసుకెళదాం."

"సాయంత్రం ఇంటికి వస్తాడని నీ వేలు చెప్పిందా?"

అతను చెయ్యి వదిలేశాడు. వదిలేసి ఆమె వెంటే నడిచాడు.

డిపో కంట్రోలు గదిలో అద్దాల కిటికీ, గోడగడియారం, వైర్‌లెస్ సెట్టు, బస్సుల నంబర్లు తగిలించే బోర్డు ఉన్నాయి. బోర్డు పక్కనే కొత్తగా ఒక ఫోటో. కింద పెద్ద అక్షరాలు: "ఈ నెల ఆదర్శ డ్రైవరు. నూట పన్నెండు నుంచి ఎనభై ఎనిమిది." అందులో మొగుడు నవ్వుతున్నాడు. కాలరు మెడ చుట్టూ రెండు వేళ్ళు పట్టేంత వదులుగా ఉంది. ఆ కాలరు ఆమె వారం కిందటే సరిచేసింది.

కంట్రోలరు ఆమెను చూసి లేచాడు. మంచివాడే. ఎవరితోనూ తగువు పెట్టుకోకుండా రిటైరవుదామనుకునే రకం. "రా చెల్లెమ్మా. స్వీటు పంచడానికి వచ్చావా? అయ్యో, మీ ఇంట్లో స్వీటు బందు కదూ!"

"అన్నా, పదిహేడో నంబరు ఆపించండి."

"ఏమయింది?"

"ఆయనకి ఒంట్లో బాగోలేదు. బండి నడిపే స్థితిలో లేడు."

కంట్రోలరు రిజిస్టరు తిప్పాడు. "ఇదిగో, పొద్దున అయిదూ పది. షుగరు నూట పది. నాకే నూట అరవై ఉందమ్మా. ఇంట్లో ఏదైనా మాటా మాటా అనుకున్నారా?"

ఆమె తమ్ముడి ఎడమచెయ్యి పట్టి బల్ల మీద, రిజిస్టరు మీద పెట్టింది.

"ఆ నూట పది వీడిది. దాని పైన రాసింది వీడిదే. దాని కింద రాసిందీ వీడిదే. ఎనిమిది పేర్లు, ఒక్క వేలు. లెక్క పెట్టుకోండి."

కంట్రోలరు ఆ వేళ్ళ వంక చూశాడు. ఆశ్చర్యపోలేదు. అది ఆమె గమనించింది. అతను మొదట చూసింది వేళ్ళను, తర్వాత చూసింది తలుపును. తలుపు మూసి ఉందో లేదో చూసుకున్నాడు.

"మీకూ తెలుసు," అంది ఆమె.

"నాకేం తెలీదు. నేను బోర్డు చూసుకునేవాణ్ణి." గొంతు తగ్గించాడు. "చెల్లెమ్మా, ఇది మేనేజరు గారితో మాట్లాడాల్సిన విషయం. ఆయన మీటింగులో ఉన్నారు. ఒక్క అరగంట కూర్చో."

"పదిహేడు ఎక్కడుంది, బోర్డు చూసి చెప్పండి. బోర్డు చూసుకునేవారేగా."

అతను గడియారం చూశాడు. పదకొండూ ఇరవై రెండు. వంతెన దిగగానే డ్రైవరు వైర్‌లెస్‌లో చెప్పాలి. పదకొండూ పదికి చెప్పాలి. బోర్డు మీద ఆ గడి ఖాళీగా ఉంది. ఇరవై రెండేళ్ళలో ఆ గడి నిమిషం ఆలస్యంగా నిండినట్టు అతనికి గుర్తులేదు.

"ట్రాఫిక్ అయ్యుంటుంది," అంటూనే మైకు అందుకున్నాడు. "పదిహేడు, పదిహేడు. కంట్రోలు మాట్లాడుతున్నా. ఎక్కడున్నారు?"

గరగర. ఏమీ లేదు.

"పదిహేడు. వంతెన దిగారా?"

గరగర మధ్యలోంచి ఊపిరి వినిపించింది. లోతుగా, గబగబా, బావిలోంచి నీళ్ళు తోడుతున్నట్టు. తర్వాత డ్రమ్ము గొంతు. తాపీగా ఉంది. అంత తాపీగా అతను ఎప్పుడూ మాట్లాడడు.

"వచ్చేశాను. గేటు తియ్యమను."

కంట్రోలరు తనకు తెలియకుండానే కిటికీలోంచి చూశాడు. డిపో గేటు బార్లా తెరిచి ఉంది. కాపలా ముసలాయన స్టూలు మీద కూర్చుని చెవి గోక్కుంటున్నాడు. గేటు బయట రోడ్డు ఖాళీ. పదిహేడో నంబరు అక్కడికి ఎనిమిది మైళ్ళ అవతల ఉండాలి.

"ఎన్నిసార్లు హారను కొట్టాలిరా," అంది ఆ గొంతు. "తియ్యండి. దాహమేస్తోంది."

ఆ మాటల వెనక ఇంకో చప్పుడు వినిపిస్తోంది. దిగేవాళ్ళు నొక్కే గంట. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. ఎవరో వేలు పెట్టి తియ్యకుండా నొక్కుతూనే ఉన్నారు. బస్సు ఆగడం లేదు.

పుల్ల గోడకు జారి కూర్చుండిపోయాడు. కంట్రోలరు మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "మేనేజరు గారిని అడక్కుండా... ప్రయాణికులున్న బండిని మధ్యలో... రేపు సంజాయిషీ నేను రాసుకోవాలమ్మా."

ఆమె బల్ల చుట్టూ తిరిగి అతని పక్కకు వచ్చింది.

"ఆయన్ని ఇంకేమీ అడక్కండి, ఆయన తెలివి ఈ లోకంలో లేదు. ఆ సెట్టులోనే కండక్టర్ని పిలవండి. డ్రైవరు సీటు దగ్గరికి రమ్మనండి. బ్రేకు మీద కాలు పెట్టించి, బండి పక్కకి తీయించి, తాళం చెవి లాక్కోమనండి. తమ్ముడూ, లే, ఏడుపు తర్వాత, ఆంబులెన్సుకి ఫోను చెయ్యి. షుగరు మనిషి, ముప్ఫై నాలుగు రోజులుగా ఇన్సులిన్ లేదు, మీటరు హై అంది అని చెప్పు. నూట పది అన్నావంటే నా చేతిలో చచ్చావన్నమాటే. అన్నా, మిగతా ఏడుగురూ ఏ స్టాపులో ఉంటే ఆ స్టాపులో ఆపించండి. వాళ్ళ వేళ్ళు వాళ్ళవే గుచ్చాలి, అందరి ముందు. సంజాయిషీ నా పేరున రాసుకోండి, నేను సంతకం పెడతాను. ముందు ఆ బండి ఆపండి."

కంట్రోలరు ఇంకా తలుపు వంకే చూస్తున్నాడు.

"ఆపండి. లేకపోతే మైకు ఇటివ్వండి."